తొమ్మిది బ్రూవరీలు వద్దు, నాలుగు చాలు

ప్రశ్న: మేం న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటాం. అక్టోబరులో కొలంబస్ డే వారాంతానికి ఐదుగురం కలిసి న్యూయార్క్ ఫింగర్ లేక్స్ వెళ్ళి, సరస్సుల పక్కన ఉన్న క్రాఫ్ట్ బ్రూవరీలు, అంటే చిన్న ఎత్తున సొంతంగా బీరు కాచే చోట్లు, చూసి రావాలని ప్లాను. శనివారం ఐదు, ఆదివారం నాలుగు, మొత్తం తొమ్మిది రాసుకున్నాం. ఒకతను అసలు తాగడు. కారు నువ్వే నడపాలి అంటే "రెండు రోజులూ మీకు డ్రైవర్ ఉద్యోగం చెయ్యాలా" అని మొహం ముడుచుకున్నాడు. ఇద్దరు శాకాహారులు. ముగ్గురం హెచ్-1బీ మీద ఉన్నాం. నాకేమో హైదరాబాద్‌లో తాగిన లాగర్ తప్ప బీరు గురించి పెద్దగా తెలీదు. ఐపీఏ అనే చేదు బీరు ఒక్కసారి తాగితే కాకరకాయ రసంలా అనిపించింది. మా ప్లాను ఎలా ఉంది?

సమాధానం: మీ జాబితాలో పేర్లన్నీ మంచివే. పేచీ అంతా లెక్క దగ్గరే వస్తుంది.

బ్రూవరీల్లో చాలామంది తీసుకునేది ఫ్లైట్. ఒక చెక్క పలక మీద నాలుగు చిన్న గ్లాసులు పెట్టి ఇస్తారు. ఒక్కో గ్లాసు నాలుగు ఔన్సులు అనుకుంటే నాలుగూ కలిపి 16 ఔన్సులు, అంటే సుమారు 470 మిల్లీలీటర్లు. చూడ్డానికి బొమ్మ గ్లాసుల్లా ఉంటాయి కాబట్టి "రుచి చూశాం, అంతేగా" అనిపిస్తుంది. కానీ క్రాఫ్ట్ బీర్లలో ఆల్కహాల్ సగటున 6.5 శాతం వేసుకుంటే ఆ పలక మీద దాదాపు 24 గ్రాముల ఆల్కహాల్ ఉన్నట్టు. అమెరికాలో ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే 14 గ్రాములు, అంటే 5 శాతం బీరు 12 ఔన్సుల క్యాను ఒకటి. మీ ఫ్లైట్ ఒకటిముప్పావు డ్రింకు అవుతుంది. పలకలో ఒక డబుల్ ఐపీఏ, అంటే ఇంకా ఘాటైన ఐపీఏ, పడితే ఇంకా ఎక్కువ. శనివారం ఐదు చోట్ల ఐదు ఫ్లైట్లంటే ఎనిమిదిన్నర డ్రింకులు దాటుతాయి. శరీరం గంటకు వదిలించుకునేది సుమారు ఒక డ్రింకు మాత్రమే. నాలుగో చోటికి వచ్చేసరికి నాలుక మొద్దుబారిపోతుంది, అక్కడ ఏ బీరు పోసినా మీకు ఒకటే. అందుకే శనివారం మూడు, ఆదివారం ఒకటి. ఇద్దరికి కలిపి ఒక ఫ్లైట్ తీసుకుంటే ఇంకా మంచిది.

డ్రైవర్ సంగతి ముందు తేల్చుకోండి, మిగతాదంతా దాని చుట్టూ తిరుగుతుంది. న్యూయార్క్‌లో రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం ఉంటే డీడబ్ల్యూఐ, అంటే తాగి నడిపిన కేసు. 0.05 నుంచి 0.07 మధ్య ఉన్నా "డ్రైవింగ్ వైల్ ఎబిలిటీ ఇంపెయిర్డ్" అని వేరే కేసు ఉంటుంది. చాలామంది తెలుగువాళ్ళు 0.08 అంకె ఒక్కటే గుర్తుపెట్టుకుంటారు. కారులో 15 ఏళ్ళు, అంతకన్నా చిన్న పిల్లలుంటే మొదటిసారి దొరికినా ఫెలనీ, అంటే పెద్ద నేరం అవుతుంది. ఈసారి మీకు పిల్లల్లేరు గానీ, తర్వాత ట్రిప్పులకు గుర్తుంచుకోండి. ఇక హెచ్-1బీ సంగతి. డీడబ్ల్యూఐ కింద అరెస్టయితే చాలు, కోర్టులో తేలకముందే అమెరికా విదేశాంగ శాఖ వీసా స్టాంపును రద్దు చెయ్యగలదు, 2015 నుంచి అలా చేస్తూనే ఉంది. ఇక్కడ ఉండే స్టేటస్ వెంటనే పోదు. కానీ సంక్రాంతికి ఇంటికెళ్ళారంటే తిరిగి రావడానికి కొత్త స్టాంపింగ్, దానికి ముందు కాన్సులేట్ చెప్పిన డాక్టరు దగ్గర వైద్య పరీక్ష, ఈ తతంగమంతా ఉంటుంది. ముగ్గురు హెచ్-1బీ వాళ్ళున్న కారులో "ఒక్క గ్లాసేగా తాగాను" అన్న మాట వినపడకూడదు.

ఊబర్ పిలుద్దాంలే అనుకోకండి. అప్‌స్టేట్‌లో, అంటే న్యూయార్క్ నగరం దాటాక ఉన్న రాష్ట్రంలో, ఊబర్, లిఫ్ట్‌లకు 2017లో అనుమతి వచ్చింది. ఇథాకా ఊళ్ళో దొరుకుతాయి. సరస్సు ఒడ్డున పొలాల మధ్య సాయంత్రం ఆరు గంటలకు యాప్ తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉంటుంది, కారు మాత్రం రాదు. కొన్నిచోట్ల సిగ్నలే ఉండదు. బయల్దేరే ముందే ఆ ప్రాంతం మ్యాపు ఫోనులోకి దించుకోండి.

మీ తాగని మిత్రుణ్ణి రెండు రోజుల డ్యూటీ అడిగారు కాబట్టే మొహం ముడుచుకున్నాడు. నిజానికి ఆయనతో పని పాతిక మైళ్ళే. శనివారం పొద్దున ఎడిసన్ నుంచి ఇథాకా దాకా ఎవరైనా నడపొచ్చు, అప్పటికి ఎవరూ ఏమీ తాగి ఉండరు. మధ్యాహ్నం ఓవిడ్ నుంచి వాట్కిన్స్ గ్లెన్ దాకా, బ్రూవరీలున్న ఆ ముక్క మాత్రం ఆయన నడపాలి. ఆదివారం ఇంటికి నాలుగు గంటల డ్రైవింగు మీ నలుగురిలో ఒకరిది. ఆ ఒకరు ఆదివారం చుక్క ముట్టరు, శనివారం రాత్రి కూడా తొందరగా ఆపేస్తారు. ఎవరన్నది శుక్రవారమే చీటీలు వేసి తేల్చుకోండి. అక్కడికెళ్ళాక వేస్తే జరగదు. అది కూడా కుదరకపోతే వాట్కిన్స్ గ్లెన్, ఇథాకాల్లో గంటల లెక్కన డ్రైవర్‌తో వ్యాను ఇచ్చేవాళ్ళున్నారు. చాలామంది కనీసం ఇన్ని గంటలని షరతు పెడతారు, ఐదుగురు పంచుకుంటే భారం కాదు. అక్టోబరు శనివారాలకు మాత్రం వారాల ముందే నిండిపోతారు.

కొలంబస్ డే వారాంతం ఆకులు రంగు మారే కాలంలో వచ్చే మూడు రోజుల సెలవు. గదులు దొరకవు, దొరికినా రెండు రాత్రులు తప్పనిసరి అంటారు. తర్వాతి వారాంతానికి జరుపుకోగలిగితే రంగులు అలాగే ఉంటాయి, జనం పలచబడతారు. మేమైతే జరపమనే చెప్తాం.

ఇక దారి. ఎడిసన్ నుంచి 287, 80, 380 హైవేలు పట్టుకుని 81 మీద బింగమ్‌టన్, అక్కణ్ణించి 17 మీద పడమరకు వెళ్ళి ఓవిగో దగ్గర దిగితే ఇథాకా. రెండు వందల మైళ్ళు, ఆగుతూ పోతే నాలుగు గంటలు దాటుతుంది. ఆరింటికి బయల్దేరండి. ఇథాకాలో ఆగకుండా 89వ నంబరు రోడ్డు మీద ఉత్తరానికి ఎనిమిది మైళ్ళు వెళ్తే టగానక్ జలపాతం. 215 అడుగుల ఎత్తు నుంచి ఒకే దూకుడుగా పడుతుంది, నయాగరా కన్నా 33 అడుగులు ఎక్కువ. కింది దారి ముప్పావు మైలు, దాదాపు చదునుగా ఉంటుంది, గంటలో వెళ్ళి రావొచ్చు. నీళ్ళ సంగతి వానల మీద ఆధారపడి ఉంటుంది. పొడి సెప్టెంబరు తర్వాత వెళ్తే సన్నటి ధార కనిపిస్తుంది, నిరాశపడకండి, ఆ రాతి గోడలే చూడాల్సినవి.

భోజనం ఇక్కడే కానిచ్చెయ్యండి. శాకాహారులున్నారు కాబట్టి పులిహోర, పెరుగన్నం కట్టుకుపోవడం కన్నా తెలివైన పని లేదు. అక్టోబరు చలికి పులిహోర రెండు పూటలూ నిలుస్తుంది. పెరుగన్నం మాత్రం ఐసు పెట్టెలో ఉంచి మధ్యాహ్నమే ముగించండి. సరస్సు ఒడ్డునే బల్లలున్నాయి. బ్రూవరీల వంటగదుల్లో బర్గర్లు, వింగ్స్, న్యూయార్క్ పశ్చిమ ప్రాంతంలో పేరున్న 'బీఫ్ ఆన్ వెక్' శాండ్‌విచ్ లాంటివే ఎక్కువ. శాకాహారికి ప్రెట్జెల్, పిజ్జా దగ్గర కథ ఆగిపోతుంది. ఖాళీ కడుపుతో మొదటి ఫ్లైట్ ముందు కూర్చోవడం ఇలాంటి ట్రిప్పుల్లో అందరూ చేసే తప్పు. ఆ దెబ్బకు రెండో చోటికల్లా తల బరువెక్కుతుంది.

టగానక్ నుంచి ట్రూమన్స్‌బర్గ్ మీదుగా 96వ నంబరు రోడ్డు ఎక్కి ఓవిడ్ వెళ్ళండి, అరగంట. అక్కడ 414 మీద దక్షిణానికి తిరగాలి. అందరూ వాట్కిన్స్ గ్లెన్ నుంచి పైకి వస్తారు, మీరు పైనుంచి కిందికి రండి. దక్షిణానికి దిగుతుంటే సెనెకా సరస్సు దారంతా మీ కుడి చేతి వైపే ఉంటుంది. సరస్సు వైపు దేనిలోకి వెళ్ళాలన్నా కుడి మలుపే, ఎదురొచ్చే వాహనాలకు అడ్డంగా ఎడమకు తిరిగే పని ఉండదు. పైగా రోజు చివర గదికి దగ్గరవుతూ ఉంటారు. రోడ్డు వేగం 55 మైళ్ళు, ఊళ్ళల్లో తగ్గుతుంది. ఓవిడ్ చుట్టుపక్కల పాత పద్ధతుల్లో బతికే ఆమిష్, మెన్నొనైట్ క్రైస్తవ కుటుంబాల గుర్రబ్బండ్లు ఇదే రోడ్డు మీద నడుస్తాయి. మెరక ఎక్కి దిగేచోట ఒక్కసారిగా ఎదురవుతాయి, మెరక కనపడితే వేగం తగ్గించండి. చీకటిపడే వేళ జింకలు కూడా. అడ్డం వస్తే గట్టిగా బ్రేకు తొక్కండి, పక్కకు కొయ్యకండి. ఒకటి దాటిందంటే వెనక రెండోది ఉంటుంది.

మొదట ఆగాల్సింది లోడై దగ్గర వాగ్నర్ వ్యాలీ. 1979లో వైనరీగా మొదలైంది, 1997 నుంచి అదే ఆవరణలో బీరు కూడా కాస్తున్నారు. దీన్నే మొదట పెట్టమనడానికి రెండు కారణాలు. మీలో బీరు పడనివాళ్ళుంటే పక్కనే వైను ఉంది. రెండోది, ఇక్కడ జర్మన్ పద్ధతి లాగర్లు దొరుకుతాయి. మీ నాలుకకు అలవాటైన వీధి ఇదే, ఇక్కణ్ణించి నడక మొదలుపెడితే దారి తప్పరు. స్లెడ్ డాగ్ అనే డాపుల్‌బాక్ (ఘాటైన జర్మన్ లాగర్) ఉంటే చివరి గ్లాసుగా తీసుకోండి. రాగి మాల్టులో బెల్లం వేసి చిక్కగా కాచినట్టు ఉంటుంది. ఆ పోలిక ఊరికే చెప్పట్లేదు. బీరులో మాల్టు అంటే నానబెట్టి, మొలక రప్పించి, ఆరబెట్టి, వేడి మీద ఎండించిన బార్లీయే. మన ఇళ్ళల్లో రాగులకు చేసే పనే. ఆ వేడి ఎంత ఎక్కువైతే బీరు రంగు, వేయించిన వాసన అంత ముదురుతాయి.

హెక్టర్ దగ్గర టూ గోట్స్ రెండోది. పాత చెక్క కొట్టం, ముందు వరండా, ఎదురుగా సరస్సు. ఇక్కడ ఫ్లైట్ కన్నా తలా ఒక చిన్న గ్లాసు తీసుకుని వరండాలో కూర్చోవడమే న్యాయం. వంటగది మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. కింద కనిపించే నీళ్ళ లోతు 618 అడుగులు. అంత లోతు సరస్సు చలికాలంలో గడ్డకట్టడం చాలా అరుదు. వేసవి వేడిని దాచుకుని ఒడ్డు నేలకు మెల్లగా వదులుతుంది, అందుకే ఇంత ఉత్తరాన ద్రాక్ష బతికి బట్టకడుతోంది. ముందు వైనరీలు, వాటి వెనక బ్రూవరీలు వచ్చాయి.

బ్రూవరీలు ఇంత గుంపుగా రావడానికి ఒక చట్టం కూడా తోడైంది. బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వు హాప్స్. 19వ శతాబ్దంలో అమెరికా హాప్స్ పంటలో న్యూయార్కే ముందుండేది. తెగుళ్ళు సగం చంపాయి, 1920లో వచ్చిన మద్యనిషేధం మిగతా సగం చంపింది. 2013లో అమల్లోకి వచ్చిన ఫార్మ్ బ్రూవరీ లైసెన్సు ఆ పంటను మళ్ళీ లేపడానికి పెట్టిందే. ఆ లైసెన్సు తీసుకుంటే రుసుము తక్కువ, గ్లాసుల్లెక్కన అమ్ముకోవచ్చు, బదులుగా రాష్ట్రంలో పండిన హాప్స్, ధాన్యం వాడాలి. మొదట 20 శాతం అన్నారు, 2019లో 60కి పెంచారు. దీనివల్ల మీకొక లాభం ఉంది. హాప్స్ కోత ఆగస్టు చివర, సెప్టెంబరులో అవుతుంది. కోసిన పువ్వును ఎండబెట్టకుండా ఒక్క రోజులోపే కాగులో వేసి చేసే బీరును 'వెట్ హాప్' అంటారు. కోత అయిన ఈ కొద్ది వారాల్లోనే తాజాగా దొరుకుతుంది. ఏ కౌంటర్ దగ్గరైనా "వెట్ హాప్ ఏమన్నా ఉందా" అని అడగండి. కాకరకాయ చేదు కాదు, కోసిన గడ్డి, నారింజ తొక్క వాసన ఉంటుంది. ఐపీఏ మీద మీ కోపం అక్కడ తగ్గొచ్చు.

తగ్గకపోతే బలవంతం లేదు. మీకు ఐపీఏ కన్నా సోర్ ఏల్ తొందరగా నచ్చుతుందని మా అంచనా. లాక్టిక్ బ్యాక్టీరియాతో పులియబెట్టిన బీరు అది. కల్లు ఎరిగిన నాలుకకు ఆ పులుపు కొత్త కాదు. పొద్దుటి తీపి పోయి, పదకొండు గంటలకు కాస్త ఎక్కిన కల్లుకు దగ్గర చుట్టం.

ఫ్లైట్ తాగడానికి ఒక వరుస ఉంది. లేత రంగు, తక్కువ ఆల్కహాల్ ముందు. పిల్స్‌నర్ లేదా కోల్ష్, తర్వాత గోధుమ బీరు, తర్వాత పేల్ ఏల్ లేదా ఐపీఏ, చివర నల్లటి స్టౌట్. ముందే ఐపీఏ తాగితే ఆ చేదు నాలుక మీద కూర్చుని పిల్స్‌నర్‌ను నీళ్ళలా చేసేస్తుంది. స్టౌట్‌ను పది నిమిషాలు పక్కన పెట్టి చలి విరిగాక తాగండి, కాఫీ వాసన అప్పుడు లేస్తుంది. గ్లాసు లోపలి గోడకు చిన్న చిన్న బుడగలు అంటుకుని కదలకుండా ఉంటే గ్లాసు సరిగ్గా కడగలేదన్నమాట, మొహమాటం లేకుండా మార్చమనండి. శుభ్రమైన గ్లాసులో మీరు తాగిన ప్రతి గుక్కకూ నురగ ఒక గీత వదులుతుంది. లాగర్‌లో వెన్న పాప్‌కార్న్ వాసన వస్తే ఈస్టు తన పని పూర్తిచెయ్యకముందే బీరు దింపేశారని అర్థం. తడిసిన అట్టపెట్టె వాసనంటే గాలి తగిలి పాతబడింది. ఊహించని చోట వెనిగర్ పులుపు తగిలితే సాధారణంగా కుళాయి గొట్టాలు కడగలేదని. శాకాహారులు రెండు మాటలు అడిగితే చాలు: ఆయిస్టర్ స్టౌట్‌లో నిజంగానే ఆయిస్టర్లు వేసేవాళ్ళున్నారు, కొన్ని పీపా బీర్లను చేప తిత్తి పొడితో తేరుస్తారు. మిల్క్ స్టౌట్‌లో పడేది పాల చక్కెర, దానికి అభ్యంతరం ఉండదు.

మూడోది బర్డెట్ దగ్గర గ్రిస్ట్ ఐరన్. భోజనం దొరుకుతుంది, కింద సరస్సు కనిపిస్తుంది, బస కూడా అక్కడే ఉంది. ఈ మొత్తం సలహాలో ఒక్కటే పాటిస్తామంటే ఇది పాటించండి: ఆఖరి గ్లాసు తాగేచోటే గది తీసుకోండి. అక్కడ దొరక్కపోతే వాట్కిన్స్ గ్లెన్ ఊళ్ళో, ఫ్రాంక్లిన్ వీధికి నడిచే దూరంలో. అక్టోబరు నడుమ సూర్యాస్తమయం ఆరూ ఇరవై ప్రాంతంలో, అదీ సరస్సు అవతలి గట్టు వెనక్కి. ఐదింటికల్లా చేరకపోతే బయటి బల్లలు దొరకవు. ఐదుగురికి కలిపి కూర్చునే చోటు కావాలని రెండు రోజుల ముందే ఫోను చెయ్యండి. ఫార్మ్ బ్రూవరీలు చాలావాటికి రాత్రి జీవితం ఉండదు, ఆరు, ఏడింటికే మూసేస్తాయి. సోమ, మంగళవారాల్లో అసలు తెరవనివీ ఉన్నాయి. ఇరవై ఒకటి నిండినట్టు అందరూ ఐడీ చూపించాలి. తలనెరిసినవాళ్ళనీ అడుగుతారు. అమెరికా లైసెన్సు లేనివాళ్ళు పాస్‌పోర్టు తెచ్చుకోవాలి.

తాగని మిత్రుడికి రూట్ బీర్ (పేరే బీరు, ఆల్కహాల్ లేని తీపి సోడా) దొరుకుతుందేమో ప్రతిచోటా ముందు మీరే అడగండి, ఆయనతో అడిగించకండి. కారులో పాటలు కూడా ఆయనిష్టం.

ఆదివారం పొద్దున్నే వాట్కిన్స్ గ్లెన్ స్టేట్ పార్కు. ఊరి నడి వీధిలోంచే ద్వారం. రెండు మైళ్ళలో వాగు 400 అడుగులు దిగుతూ 19 జలపాతాలు కడుతుంది. లోయ దారిలో 832 మెట్లు. రాళ్ళెప్పుడూ తడిగానే ఉంటాయి కాబట్టి పట్టున్న బూట్లు కావాలి, చెప్పులు పనికిరావు. తొమ్మిది దాటితే ఇరుకు మెట్ల మీద వరస కట్టాలి. చలికాలంలో ఈ దారి మూసేస్తారు, అక్టోబరులో మామూలుగా తెరిచే ఉంటుంది.

మీ జాబితాలో క్యూకా సరస్సు ఒడ్డు బ్రూవరీలు రెండున్నాయి. చోటు అందమైనదే, కానీ హామండ్స్‌పోర్ట్ ఇంకా పడమరకు ముప్పావుగంట, ఇంటికి దూరం పెరుగుతుంది. మూడో రోజు ఉంటే తప్ప వదిలెయ్యండి. బదులుగా ఇథాకా మీదుగా ఇంటిదారి పట్టి, ఊరి దక్షిణాన 13వ నంబరు రోడ్డు పక్కనున్న ఇథాకా బీర్ కంపెనీలో మధ్యాహ్నం ఆగండి. 1998 నాటిది. ఫ్లవర్ పవర్ అనే ఐపీఏ వీళ్ళదే. నిన్న వెట్ హాప్ నచ్చి ఉంటే ఇది పడుతుంది. శాకాహారులకు మరో దారి కూడా ఉంది. ఊరి నడుమ మూస్‌వుడ్ అనే శాకాహార భోజనశాల 1973 నుంచి నడుస్తోంది. ఆదివారం తెరిచి ఉంటుందో లేదో ముందు చూసుకోండి.

ఇంటికి తెచ్చుకోవాలంటే 64 ఔన్సుల గ్రోలర్ సీసా కన్నా 32 ఔన్సుల క్రౌలర్ క్యాను మేలు. వెలుతురు తగలదు, పగలదు. గ్రోలర్ మూత తీశాక ఒకటి రెండు రోజుల్లో తాగెయ్యకపోతే గ్యాసు పోయి చప్పబడుతుంది. హేజీ ఐపీఏ (మబ్బుగా కనిపించే రకం) క్యాన్లకు అడుగున తేదీ చూసి, నెల దాటినవి తీసుకోకండి. ఏది కొన్నా ఐసు పెట్టెలో పెట్టి డిక్కీలో ఉంచండి. న్యూయార్క్‌లో కారు లోపల మూత తీసిన సీసా ఉంటే తాగింది డ్రైవర్ కాకపోయినా తప్పే. సగం తాగిన గ్రోలర్‌ను కాళ్ళ దగ్గర పెట్టుకుని 81 ఎక్కకండి. అక్కడే ఎవరికన్నా ఇచ్చెయ్యండి, లేదా పారబోయండి.